శంకరవ్వ చావు కబురు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. కుట్టడానికిచ్చిన జాకెట్టు రెండు రోజులు ఆలస్యమైనా వచ్చి అడగడానికి జంకుతారు. అలాంటి నా ఇంటికి, కోరుట్లలో, వెనక గది కిరాయికి అడగడానికి ఒక ముసలమ్మ ఒంటరిగా వచ్చి గడప ముందు నిలబడింది. చంకలో బట్టల మూట, చేతిలో బీడీలు చుట్టే చాట. వెనకాల కొడుకో కోడలో వస్తున్నారేమోనని వీధి చివరిదాకా చూశాను. ఎవరూ లేరు.

“గదిల ఎవరుంటరవ్వా?” అని అడిగాను.

“నేనే ఉంట.”

“మరి కిరాయి ఎవరిస్తరు?”

“సర్కారిస్తది,” అని నవ్వింది. “నాకు పించనున్నది బిడ్డా.”

అలా వచ్చింది శంకరవ్వ. కొడుకులు పెళ్లాం మాట విని తల్లి నుంచి ఏరుపడటం చూశాను గానీ, తల్లే కొడుకింటి నుంచి ఏరుపడి, మూట సర్దుకుని కిరాయికి రావడం నేను అంతవరకు ఎరగను. ఆ కనబడని కొడుకు మీద నాకు ఒళ్లు మండిపోయింది. గది తాళం ఇస్తూ వాణ్ని నాలుగు మాటలు అన్నాను కూడా. శంకరవ్వ గది మూలలో ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టుకుంది. తనకు తాను ఇన్ని బియ్యం పోసుకుని, ఉడుకుతున్న గిన్నెను చూస్తూ చాలాసేపు కూర్చుంది.

ఆమెకు కలలు ఎక్కువ. పొద్దున్నే మంచులో మా పెరడు సగమే కనిపించే వేళకు, చాయ్ గ్లాసు పట్టుకుని నా కుట్టు మిషన్ పక్కన చేరేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు. చేతులు బీడీలు చుడుతూనే ఉండేవి, మనిషి మాత్రం అక్కడ ఉండేది కాదు. ఆమె పెనిమిటి మొగిలయ్య కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. కొడుకు బాలకిషన్ నడక నేర్చిన ఏడాదే చెట్టు మీంచి పడి చనిపోయాడు. కలలో మాత్రం ఆయన ఎన్నడూ పడడు. ఎక్కుతూనే ఉంటాడు. ఆయన ఎక్కేకొద్దీ తాడిచెట్టు పెరుగుతూ ఉంటుంది.

“పైనుంచి ఏదో అంటడు బిడ్డా, గాలికి ఇనవడది,” అనేది. “ముంత ఇంత కిందికి దించుతడు. అందుకుందామని చెయ్యి సాపితే మెలకువ అయితది.”

నిన్న బస్సులో జరిగిన ముచ్చట చెప్పినట్టే చెప్పేది. వింటూ వింటూ నేను జాకెట్టు కుడి చేతిని ఎడమ భుజానికి కుట్టేసేదాన్ని. అది ఊడదీస్తూ ఆమె మీద విరుచుకుపడేదాన్ని. “నీ మొగడు చెట్టు దిగేటట్టు లేడు, నా జాకెట్టు అయ్యేటట్టు లేదు! పో అవ్వా, పొయ్యి నీ గదిల చుట్టుకో!” ఆమె పోయేది కాదు. పోతే నాకే తోచదని ఆమెకు తెలుసు.

మొగిలయ్య పోయాక ఆమె బీడీలు చుట్టుకుంటూనే కొడుకును సాకింది. వాణ్ని చెట్టెక్కనివ్వలేదు. తండ్రి చెట్టెక్కిన మోకుతాడు ముట్టుకుంటే చేతుల మీద కొట్టేదట. చెట్టు వద్దంటే మగ్గం దొరికింది. బాలకిషన్ సిరిసిల్లలో పవర్‌లూమ్ మీద పనికి కుదిరి తల్లిని తీసుకుపోయాడు. అక్కడే రాజమణితో పెళ్లి, ఇద్దరు పిల్లలు. ఆ ఇల్లంతా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడులో కలలు పడేవి కావని శంకరవ్వ బాధపడేది. తర్వాత పని తగ్గింది, మగ్గాలు వారంలో సగం రోజులు ఆగిపోయాయి. కలలు మళ్లీ వచ్చాయి గానీ ఇంట్లో బియ్యం రాలేదు. ఊళ్లో ఉన్న ఇల్లమ్మి జగిత్యాల ఏజెంటు చేతిలో పోసి, బాలకిషన్ మస్కట్ పోయాడు.

పోయిన కొత్తలో నెలనెలా పంపేవాడు. పెళ్లానికి వేరే, తల్లికి వేరే. పంపిన రోజు ఫోన్ చేసేవాడు. “అవ్వా, పంపిన. ముట్టిందా?” అనేవాడు. ముట్టిందంటే, “తిన్నవా? కాళ్లు గుంజుతున్నయా? మందులు తెచ్చుకో,” అనేవాడు. అంతకు మించి ఏమీ ఉండేది కాదు. ఆ కాస్త మాటను ఆమె నెలంతా దాచుకుని తినేది.

అప్పుడొచ్చింది పించను. ఆ మొదటి నోట్లు కళ్లకద్దుకున్నానని నాతో చాలాసార్లు చెప్పింది. మనవలకు జిలేబీ కొనిపెట్టిందట, తనకు రబ్బరు చెప్పులు కొనుక్కుందట. ఎవరినీ అడగకుండా కొనుక్కున్న మొదటి చెప్పులవి. ఆ మాట విని కొడుకూ సంబరపడ్డాడు. “ఇగ నీకు సర్కారు ఇయ్యవట్టె గదవ్వా, నాకు జెర తేలికయితది,” అన్నాడు. “నాకేం పంపకు కొడుకా, నీ పిల్లలకు పంపుకో,” అని తనే చెప్పింది. వాడు పంపడం మానేశాడు.

పైసలతో పాటు ఫోన్ కూడా ఆగిపోయింది. ఆపమని ఎవరూ అనలేదు. ‘ముట్టిందా’ అని అడగడానికి ఏమీ లేకపోయేసరికి, మాట ఎక్కడ మొదలుపెట్టాలో తల్లికీ తెలియలేదు, కొడుకుకూ తెలియలేదు. ఇంట్లో రాజమణికి ఖర్చులు. నెల మొదట్లో “పించను పడ్డదా అత్తా?” అని అడిగేది. అడగడంలో తప్పేముంది, ఇల్లు గడవాలి కదా! కానీ రోజంతట్లో తనతో మాట్లాడే మాట అదొక్కటే అయ్యేసరికి ముసలామె మనసు విరిగింది. మాటా మాటా పెరిగింది. “నా పించను నేను తింట!” అని మూట కట్టుకుని కోరుట్ల బస్సెక్కింది. సొంతూరు ఇక్కడికి దగ్గర. షేర్ ఆటోలో పోయి అక్కడి పోస్టాఫీసులో తన పించను తను తెచ్చుకుంటుంది.

“వాడు చెయ్యకుంటే నువ్వే ఫోన్ చెయ్యరాదా?” అని ఎన్నోసార్లు అరిచాను ఆమె మీద.

“ఏమని చెయ్యాలె? పైసలకు చేసిందనుకుంటడు,” అనేది.

చలికాలం చివర్లో ఒక పొద్దున. మంచు ఇంకా విడవలేదు. శంకరవ్వ పెరట్లో కూర్చుని ఆకు తడుపుతోంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, మంచులోంచి ఒక కాకి వచ్చి ఆమె నెత్తిమీద తన్ని మళ్లీ మంచులోకే పోయింది. రెక్క చప్పుడు కూడా సరిగా వినబడలేదు. ఆమె లేచి తడి చేతులతోనే లోపలికి వచ్చింది.

“కాకి తన్నింది బిడ్డా.”

మా దిక్కు ఇది చిన్న మాట కాదు. కాకి నెత్తిన తన్నితే ఆ మనిషికి చావు దగ్గరపడ్డట్టు లెక్క. దానికి విరుగుడు ఒక్కటే. ఆ మనిషి చచ్చిపోయిందని నెత్తురు సంబంధం ఉన్నవాళ్లకు అబద్ధపు కబురు పంపాలి. పరాయి మనిషే పోయి చెప్పాలి. వాళ్లు నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో కీడు పోతుంది. వెంటనే అది అబద్ధమని కబురు తిప్పి చెప్పాలి. నా చిన్నప్పుడు మా తాతకు అట్లాగే చేశారు. కబురు మోసిన మనిషిని మా మేనత్త చీపురు తిరగేసి రెండు బాది, ఆ తర్వాత కూర్చోబెట్టి కోడికూర పెట్టింది.

“ఇప్పుడు గివన్నెవరు పట్టించుకుంటున్నరవ్వా? కాకికి కండ్లు కనవడక తన్నింది, మంచు గదా!” అన్నాను.

ఆమె గుమ్మంలో కూర్చుంది. ఆకు ముట్టుకోలేదు. ఆ చేతులు ఊరికే ఉండటం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి నేనే ఓడిపోయాను.

“సరే, ఎవరికి చెప్పాలె మరి? రాజమణికా?”

“కోడలు నా నెత్తురు గాదు. బాలకిషన్‌కు చెప్పు.”

“అంత దూరమున్నోనికా? ఆగమైతడే అవ్వా!”

ఆమె నా వైపు చూడలేదు. పెరట్లోకి, మంచులోకి చూస్తూ అంది. “వాడేడుస్తడో లేదో నాకు తెల్వాలె. గంతే బిడ్డా. ఏడిస్తే నేనింకా వాని తల్లినే. లేకుంటే ఆ కాకి అన్నదే నిజమనుకుంట.”

అప్పుడర్థమైంది నాకు, సగమే కాకి భయమని. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఆ కోపంలోనే ఫోన్ తీసి, ఆమె చూపించిన మస్కట్ నంబరు కొట్టాను.

వాడు ఎత్తాడు. గాలి చప్పుడు, డ్యూటీకి పోయే బస్సు చప్పుడు. “నేను కోరుట్ల నుంచి కల్పనను మాట్లాడుతున్న, మీ అవ్వ నా ఇంట్లనే కిరాయికుంటది,” అన్నాను. గుక్క తిప్పుకోకుండా, “తమ్మీ, మీ అవ్వ పోయింది,” అనేశాను.

అటునుంచి ఏమీ లేదు. బస్సు చప్పుడు ఒక్కటే. ఏడుపు కోసం ఫోన్ చెవికి అదిమి పెట్టుకున్నాను. కాసేపటికి, “సరే అక్కా,” అన్నాడు. లైన్ కట్టయింది.

“ఏడ్చిండా?” అంది శంకరవ్వ.

అబద్ధం చెప్పొచ్చు. ఒక అబద్ధం చెప్పిన నోటితో ఇంకొకటి చెప్పడం ఎంతసేపు! కానీ ఆ ముఖం చూస్తూ రాలేదు. “ఏడ్వలేదవ్వా,” అన్నాను. తర్వాత నాకు తెలిసిన తిట్లన్నీ వాణ్ని తిట్టాను. తిట్టుకుంటూనే, కబురు తిప్పి చెప్పడానికి మళ్లీ ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. స్విచాఫ్.

రాజమణికి చేస్తే ఆమె ఎత్తలేదు. ఏడవకపోతే ఏడవకపోయాడు, నిజం చెప్పాలి కదా! మిషన్ మీద గుడ్డ అలాగే ఉంది, నేను ఫోన్ నొక్కుతూనే ఉన్నాను. శంకరవ్వ మాత్రం స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని పెరట్లో నీడకు కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. నేను అన్నం తెస్తే వద్దంది.

“కబురు తిరిగేదాక నేను సచ్చిన లెక్కనే. సచ్చినోళ్లు తింటరా?”

ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో నాకిప్పటికీ సరిగా గుర్తుండదు. ఎండ తెల్లగా, పలుచగా ఉంది. ఆమె తన గదిని బయటినుంచి చూస్తోంది, ఎవరిదో ఇల్లు చూసినట్టు. “ఆ చెప్పులు ఎవరికిస్తరు?” అంది ఒకసారి. “నా పించను ఆగిపోతది గదా,” అంది ఇంకోసారి. ఆ గొంతులో దిగులు లేదు. కల చెప్పేటప్పుడు ఎలా చెప్పేదో అలాగే. “నోరు ముయ్యి అవ్వా!” అని అరిచాను.

పొద్దు వాలుతుండగా వీధి మొదట్లోంచి ఏడుపు వినబడింది. ఆడగొంతు. రాగం తీసి, తల బాదుకుంటూ వస్తున్న ఏడుపు. “అయ్యో అత్తా! నన్ను ఇడిసిపెట్టి పోతివా అత్తా! ఒక్కపాలి రాజమణీ అని పిలువకపోతివా!”

శంకరవ్వ కళ్లు మూసుకుని విన్నది. “నా గురించేనా?” అని మెల్లగా అడిగింది.

“నీ గురించే.”

రాజమణి సిరిసిల్ల బస్సు దిగి, ఇద్దరు పిల్లల్ని ఈడ్చుకుంటూ వచ్చింది. పెరట్లో నులకమంచం మీద కూర్చున్న అత్తను చూసి కెవ్వుమంది. మేము కాకి ముచ్చట చెప్పేసరికి ఆమె ఏడుపంతా కోపమైంది. “సిగ్గుండాలె మీకు! దార్ల బస్సు బస్సంత నన్నే సూసింది!” అని నన్ను తిట్టింది, అత్తను తిట్టింది. తిట్టి తిట్టి, చివరికి అత్త ఒళ్లో తల పెట్టి మళ్లీ ఏడ్చింది. ముసలామె చెయ్యి గాలిలో ఆగి, తర్వాత కోడలి నెత్తి మీద వాలింది.

“నీకెవరు చెప్పిండ్రే?” అంది.

“ఆయననే ఫోన్ చేసిండు. ‘అవ్వ పోయింది, నువ్వు పోయి సావు పని చూసుకో. నాకు ఛుట్టీ ఇయ్యరు. వీడియోల చూపియ్యకుండ్రి, నేను చూడలేను’ అన్నడు. గంతే, ఫోన్ బంద్ చేసిండు.”

“ఏడ్చిండా?”

రాజమణి తల దించుకుంది. “లేదత్తా. గొంతు గట్టిగనే ఉండె.”

శంకరవ్వ ముఖం చూసి నేను లోపలికి పోయాను. రాజమణి నా వెనకాలే వచ్చి, మెల్లగా చెప్పింది. మస్కట్‌లో కంపెనీ జీతాలివ్వక నెలలు దాటిపోయాయట. తిండికి కూడా పక్కవాళ్ల మీద పడి ఉంటున్నాడట. తల్లికి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడట. అక్కడ ఒక మనిషి, తల్లి పోయిందని నమ్మి, ఫోన్ ఆపుకుని కూర్చున్నాడు. ఇక్కడ తల్లి వాడు ఏడవలేదని కూర్చుంది. మధ్యలో నా అబద్ధం. పొద్దున్నుంచీ వాణ్ని తిట్టిన తిట్లన్నీ నాకే తగిలాయి.

మస్కట్‌లో వాడి గదిలోనే వీర్నపల్లి ఊరి మనిషి యోహాను ఉంటాడని రాజమణికి గుర్తొచ్చింది. నంబరు లేదు. వీర్నపల్లిలో తెలిసినవాళ్లను పట్టుకుని, వాళ్లనుంచి ఇంకొకళ్లను పట్టుకుని, యోహాను భార్యకు కబురు చేరవేసింది. ఆమె మొగడికి మెసేజ్ పెట్టానంది. డ్యూటీ దిగాక చూసుకుంటాడంది.

తెల్లారాక, మంచు విడుస్తుండగా, నా ఫోన్ మోగింది. వీడియో కాల్. తెరమీద ఎవరో నల్లటి సన్నటి మనిషి. వెనకాల ఇనుప మంచాలు. “అక్కా, నేను యోహానును. అవ్వ మంచిగున్నదా? నిజమేనా? జెర చూపియ్యి!”

ఫోన్ శంకరవ్వ వైపు తిప్పాను. అతను “అయ్యో ప్రభువా!” అని, ఫోన్ పట్టుకుని మంచాల మధ్యన పరుగెత్తాడు. తెర అంతా ఊగింది. ఆగేసరికి ఎవరో ఒక మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నున్నటి గుండు. లేచి ఇటు తిరిగాడు. మీసం కూడా లేదు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

“ఎవరీ పిలగాడు?” అంది శంకరవ్వ.

“బాలన్ననే అవ్వా,” అన్నాడు యోహాను. “మా దాంట్ల గీ పద్ధతి లేదు గని, ‘తల్లి పోతే కొడుకు గుండు గావాలె, నేనక్కడ లేకపోతి’ అని ఒక్కటే ఏడుసుడు. నిన్న పొద్దుగూకినంక నేనే బ్లేడు పట్టి గీసిన. గీస్తున్నంతసేపు ఏడ్చిండు. ముద్ద ముట్టలే.”

బాలకిషన్ తెరకు దగ్గరగా వచ్చాడు. వేలితో తెరను తాకాడేమో, బొమ్మ ఒకసారి కదిలింది. “అవ్వా,” అన్నాడు. “గిది కలనా?”

“కల గాదు కొడుకా. కాకి తన్నింది.”

వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వబోయి, నవ్వలేక, చేతుల్లో ముఖం దాచుకుని భోరుమన్నాడు. “గిట్ల చేస్తరా అక్కా ఎవరన్నా?” అన్నాడు నాతో. రాజమణి కొంగు నోట్లో కుక్కుకుంది.

శంకరవ్వ అడిగింది. “ఏడ్చెటోనివి, మరి ఇన్నాళ్లు ఒక్క ఫోన్ ఎందుకు చెయ్యకపోతివి?”

“ఏమని చెయ్యాలెనే అవ్వా? పంపిన అని చెప్పేటందుకు ఏం లేకపాయె. నీకు పించను అస్తున్నదని ధైర్యంగ ఉన్న. వట్టి చేతులతోని ఫోన్ చేసి కొడుకు ఏం మాట్లాడాలెనో నాకు తెల్వకపాయె.”

ఆమె చాలాసేపు ఆ గుండును చూసింది. చూపుడు వేలితో తెరమీద నిమిరింది, బిడ్డ నెత్తి నిమిరినట్టే. “మీసం గూడ తీయించినవా?”

“తియ్యాలె గదా.”

“మంచిగ లేవు. పాపం, ముసలోని లెక్కున్నవు.” ఆమె ముక్కు చీదుకుంది. “మొలుస్తది తియ్యి. ఎంత మొలిచిందో నాకు రోజు ఒక్కపాలి చూపియ్యి కొడుకా. పైసలు వద్దు, ఏం వద్దు. గది చూపియ్యి చాలు.”

“చూపిస్త అవ్వా,” అన్నాడు.

ఫోన్ పెట్టాక ఆమె పొయ్యి వెలిగించింది. కోడలికీ, మనవలకూ, నాకూ కలిపి వండింది. రాజమణి రెండు రోజులుండి పోయింది. పోయేటప్పుడు రమ్మని బతిమాలింది. ఇప్పుడు కాదులెమ్మంది శంకరవ్వ.

ఆ వీడియో కాల్ వచ్చిన మర్నాడే, పొద్దున సరిగ్గా వాడి డ్యూటీ బస్సు వేళకు నా ఫోన్ మోగింది. ఆమె చాట పక్కన పెట్టి, తడి చెయ్యి చీరకు తుడుచుకుని నా దగ్గరికి పరుగున వచ్చింది. బాలకిషన్ తల వంచి, గుండు తెరనిండా చూపించాడు.

“ఒక్క రోజుల ఏం మొలుస్తదవ్వా?” అన్నాడు.

“మొలవకున్నా చూపియ్యి,” అంది శంకరవ్వ.